గెలుపు షరతు మారితే ఆట ఎలా మార్చుకోవాలి?

మా బావ నన్ను ఓడించిన రోజు స్కోరులో నాది వాడికి రెట్టింపు.

2006 వేసవి. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక నెట్ సెంటర్, గంటకు పదిహేను రూపాయలు. ఉన్నది ఒక్క ఏసీ, దాని గాలి ఓనరు కుర్చీ దాటి వచ్చేది కాదు. బావ కావలి నుంచి సెలవులకు వచ్చాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే, ఊరు కట్టి సైన్యం పెంచి యుద్ధం చేసే కంప్యూటర్ గేమ్ పెట్టుకున్నాం. నేను ఇరవై మంది నైట్లను (గుర్రపు వీరులను) వేసుకుని వాడి ఊరి మీద పడ్డాను. కట్టెలు కొట్టేవాళ్ళు, పొలం చేసేవాళ్ళు, ఎవరు కనిపిస్తే వాళ్ళను నరుక్కుంటూ పోతున్నా. వాడు మాత్రం ఉలకడు, పలకడు. ఇంతలో స్క్రీన్ మీద ఒక కబురు వచ్చింది: అవతలివాడు వండర్ అనే మహా కట్టడం కట్టాడు. గేమ్ లెక్కలో 200 ఏళ్ళ కౌంట్‌డౌన్ మొదలైంది. అంతగా పరిచయం లేని వాళ్ళ పెళ్ళి పత్రిక చూసి పక్కన పెట్టినట్టు దాన్ని చూసి పక్కన పెట్టి, మళ్ళీ నరకడంలో పడ్డాను.

లెక్క 60కి దిగాక పోయి చూస్తే వండర్ మ్యాప్ మూలన, రెండు వరసల రాతి గోడ వెనక ఉంది. నేను నరికింది పాత ఊరిలో మిగిలిన వాళ్ళను. సగం మందిని వాడు ఎప్పుడో ఆ మూలకు తరలించేశాడు. నా నైట్లు గోడను కత్తులతో గీకుతున్నారు. గోడలు పగలగొట్టే ర్యాములు లేవు, దూరం నుంచి రాళ్ళు విసిరే ట్రెబుషెట్లు లేవు, ఉన్న బంగారమంతా గుర్రాల మీదే తగలేశాను.

"నీ ఊరంతా తగలబెట్టాను కదరా" అన్నాను ఓడిపోయాక.

"తగలబెట్టమని ఎవురు చెప్పినారు బావా నీకు? సెట్టింగుల్లో స్టాండర్డ్ అని ఉండాది, చూసుకోలా?"

చూసుకోలేదు. ఇప్పటికీ చాలామంది చూసుకోరు. స్ట్రాటజీ గేముల్లో బాగా ఆడేవాళ్ళు కూడా తమకు వచ్చిన ఒకే ఆటను ప్రతిచోటా ఆడేసి, గెలవాల్సినవి పోగొట్టుకుంటారు. కింద చెప్పేది అలాంటి వాళ్ళ కోసం, అంటే ఒకప్పటి నా కోసం.

మొదటి పని: స్టార్ట్ నొక్కకముందు మూడు ప్రశ్నలు

గేమ్ మొదలుపెట్టే ముందు విక్టరీ అని రాసి ఉన్న చోట ఆగండి. ఆగి మూడు సంగతులు అడగండి. ఇక్కడ దేన్ని లెక్కపెడుతున్నారు? ఆ లెక్క ఎప్పుడు పూర్తవుతుంది? మధ్యలో దాన్ని ఎవరైనా చెడగొట్టగలరా?

ఇది కంప్యూటర్లతో వచ్చిన విద్య కాదు. పులిజూదం ఆడినవాళ్ళకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. మూడు పులులు, పదిహేను మేకలు. గీతలు ఒకటే, బల్ల ఒకటే, కానీ గెలుపు ఇద్దరికీ వేరు. పులి మేకల మీదుగా దూకి తినాలి. మేకలు పులులకు కదలడానికి చోటు లేకుండా కట్టెయ్యాలి. మేకల పక్కన కూర్చున్నవాడు ఒక మేక పోగానే గిలగిలలాడిపోయి, మిగతా వాటిని కాపాడుకోవడానికి చెల్లాచెదురు చేస్తే అక్కడితో ఆట అయిపోయినట్టే. రెండు మేకలు పోయినా దారి మూసుకుంటే వాడు గెలిచే దారిలో ఉన్నాడు. పులి పక్కన ఉన్నవాడు కడుపు నింపుకోవాలన్న ఆత్రంలో మూలకు పోయి ఇరుక్కుంటే, తిన్న మేకలు వాడిని బయటికి లాగవు. మా నాయనమ్మ మేకలతో ఆడితే ఆమెను ఓడించినవాడిని నేను చూడలేదు. మొదటి మేక పోయినప్పుడు ఆమె మొహంలో ఏ మార్పూ ఉండేది కాదు.

ఆ మూడు ప్రశ్నలు అడిగితే గెలుపు షరతులు దాదాపుగా మూడు రకాల్లో పడతాయి. ఒకటి కూల్చేది: ఎదుటివాడి రాజధానో, రాజో, మొత్తం సైన్యమో పోవాలి. రెండోది పోగేసేది: సైన్సు, టూరిస్టులు, పాయింట్లు, ఏదో ఒకటి ఒక అంకె దాటాలి. మూడోది నిలబెట్టుకునేది: వండర్, రెలిక్‌లు (మ్యాప్ మీద దొరికే పవిత్ర వస్తువులు), మ్యాప్ మధ్యలో ఉన్న గుట్ట, ఏదో ఒకదాన్ని కొంతకాలం చేతిలో ఉంచుకోవాలి. ఒకే గేములో ఒకటి కంటే ఎక్కువ ఉండొచ్చు. ఏజ్ 2లో స్టాండర్డ్ అంటే అదే. శత్రువును పూర్తిగా తుడిచిపెట్టినా గెలుపే, వండర్‌ను 200 ఏళ్ళు నిలిపినా గెలుపే, రెలిక్‌లన్నీ తెచ్చి 200 ఏళ్ళు దాచుకున్నా గెలుపే. బావ చదివింది ఆ ఒక్క మాట. నేను చదవనిదీ అదే.

రెండో పని: చివరి నుంచి వెనక్కి లెక్కేయండి

ముహూర్తం పెట్టుకున్నాక ఏం చేస్తాం? ఆ రోజు నుంచి వెనక్కి వస్తూ మండపం, వంటవాళ్ళు, పత్రికలు, బట్టలు అని లెక్క కట్టుకుంటాం. ఆటలో కూడా అలాగే చేయండి. చివరి మెట్టు ఏమిటి, దానికి ముందు ఏం ఉండాలి, దానికి ఏ సరుకు కావాలి అని వెనక్కి రండి.

వండర్‌నే తీసుకోండి. దానికి 1000 కట్టె, 1000 రాయి, 1000 బంగారం కావాలి, ఇంపీరియల్ ఏజ్ అనే చివరి యుగానికి చేరాలి. ఇందులో అసలు చిక్కు రాయి. అలవాటు కొద్దీ రాయిని టవర్ల మీద, రెండో కాజిల్ (కోట) మీద ఖర్చు పెట్టేస్తే చివర్లో రాయి గని కోసం పక్కవాడి పొలంలోకి దూరాలి. కాబట్టి వండర్ ఆట అనుకున్న రోజు మొదటి నుంచే రాయి మీద కన్నుండాలి. ఇక కాపలా. కాజిల్ పక్కన కడితే చాలనుకోకండి. కాజిల్ మామూలు రేంజ్ 8, ట్రెబుషెట్ రేంజ్ 16. వాడు దూరంగా కూర్చుని తాపీగా కొడతాడు. గోడలు వాడి గుర్రాలను ఆపుతాయి, ట్రెబుషెట్ రాళ్ళను ఆపవు. బయటికి ఉరికి ఆ ట్రెబుషెట్లను చంపగల వేగమైన గుర్రాల దళం పక్కనే ఉండాలి.

అందుకే ఏ సివిలైజేషన్ (ఏ జాతి) తీసుకుంటున్నారో కూడా షరతు చూసి తేల్చుకోండి. 2022లో ఇండియా డీఎల్‌సీతో (గేముకు విడిగా కొనుక్కునే అదనపు భాగంతో) ద్రావిడులు వచ్చినప్పుడు మా వాళ్ళందరం మన దక్షిణాది వాళ్ళని ఎగబడి తీసుకున్నాం. సముద్రం ఉన్న మ్యాపుల్లో, కాలిబంటు సైన్యంతో వాళ్ళు గట్టివాళ్ళే. కానీ వాళ్ళకు నైట్లు లేరు. వండర్ పక్కన గుర్రాల కాపలా కావాల్సిన ఆటలో వాళ్ళను పెట్టుకోవడం అభిమానం కోసం చేసే పని. నేను చేశాను, ఓడాను, మళ్ళీ చేస్తాను. మీరు చేయకండి.

వెనక్కి లెక్కేయడం బాగా నేర్పేది సివిలైజేషన్ 6, వంతుల (టర్నుల) లెక్కన ఒక దేశాన్ని పెంచుకుంటూ పోయే గేమ్. గ్యాదరింగ్ స్టార్మ్ ఎక్స్‌పాన్షన్‌తో ఆడితే స్కోరును పక్కన పెట్టినా ఐదు దారులుంటాయి: సైన్స్, కల్చర్, డామినేషన్, మతం, డిప్లొమసీ.

సైన్స్ దారిలో చివరి మెట్టు ఇది: ఉపగ్రహం పంపాలి, చంద్రుడి మీద దిగాలి, అంగారకుడి మీద కాలనీ పెట్టాలి, ఆ తర్వాత 50 కాంతి సంవత్సరాల దూరానికి నౌకను పంపాలి. ఆ నౌక మొదట టర్నుకు ఒక్క కాంతి సంవత్సరమే పోతుంది. అంటే నౌక లేచాక కూడా 50 టర్నులు. లేజర్ స్టేషన్లు కట్టే కొద్దీ వేగం పెరుగుతుంది. ఇవన్నీ పరిశోధనతో కాదు, ఉత్పత్తితో కట్టేవి. కొత్తగా ఆడేవాళ్ళు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ప్రతి ఊళ్ళో క్యాంపస్ (పరిశోధన కేంద్రం) కట్టి, టెక్నాలజీలన్నీ అందరికంటే ముందే చదివేసి, చివర్లో స్పేస్‌పోర్ట్ కట్టడానికి ఒక్క ఊళ్ళోనూ తగినంత ఉత్పత్తి లేక చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఇంజినీరింగ్ సీటు వచ్చింది, ఫీజు కట్టడానికి డబ్బుల్లేవు అన్నట్టు ఉంటుంది ఆ పరిస్థితి. మొదటి వంద టర్నుల్లోనే కొండలూ, గనులూ ఉన్న రెండు ఊళ్ళను గుర్తుపెట్టుకుని, వాటిని ఇండస్ట్రియల్ జోన్లతో పెంచండి. స్పేస్‌పోర్టులు అక్కడే కట్టండి. ఒక గూఢచారిని ఆ స్పేస్‌పోర్టులోనే కాపలా పెట్టండి, ఎందుకంటే ఎదుటివాళ్ళ గూఢచారులు మీ రాకెట్ పనులను చెడగొట్టగలరు.

కల్చర్ దారి చాలామందికి అర్థం కాదు, నాకూ కాలేదు చాలాకాలం. మీ దేశానికి వచ్చే విదేశీ టూరిస్టుల సంఖ్య, మిగతా ప్రతి దేశంలోని సొంత టూరిస్టుల సంఖ్యను దాటాలి. ఆ సొంత టూరిస్టులు ఎలా పుడతారు? ఆ దేశం ఆట మొదటి నుంచీ పోగేసిన కల్చర్‌ను బట్టి. కాబట్టి మీకు పోటీ అందరితో కాదు, కల్చర్ ఎక్కువగా ఉన్న ఆ ఒక్కడితో. వాడెవడో కనిపెట్టి వాడితో సరిహద్దులు తెరిపించుకోండి, వాడి ఊరికి ఒక వాణిజ్య మార్గం పంపండి. ఈ రెండింటిలో ఒక్కొక్కటి వాడి మీద మీ టూరిజాన్ని 25 శాతం పెంచుతుంది. బొమ్మలూ, పుస్తకాలూ మ్యూజియంలో దాచుకుని తలుపేసుకుంటే ఎవరొస్తారు చూడటానికి?

మతం దారిలో నిర్ణయం చాలా తొందరగా తీసుకోవాలి. మతం స్థాపించడానికి కావాల్సిన గ్రేట్ ప్రాఫెట్లు (ప్రవక్తలు) దేశాల సంఖ్య కంటే తక్కువ. అవి అయిపోయాక మతం స్థాపించడం ఉండదు. కాంగో తీసుకుంటే అసలు స్థాపించలేరు. మొదట్లో పట్టించుకోకపోతే ఆ దారి మీకు మూసుకున్నట్టే.

డిప్లొమసీ గెలుపుకు 20 పాయింట్లు కావాలి. నెల్లూరు వాళ్ళకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి సింహాసనం పోగొట్టుకుంటే తిక్కన ఓరుగల్లు వెళ్ళి, గణపతిదేవుణ్ణి మెప్పించి, కాకతీయ సైన్యం సాయంతో ఆయనను మళ్ళీ నెల్లూరు గద్దె ఎక్కించాడని చెబుతారు. కవి వెళ్ళింది సభకు, కదిలింది పక్కవాడి సైన్యం. సివ్‌లో (సివిలైజేషన్ 6లో) కూడా దేశాలన్నీ కూర్చునే వరల్డ్ కాంగ్రెస్‌లో ఓట్లకు కావాల్సింది డిప్లొమాటిక్ ఫేవర్ అనే పలుకుబడి. దాన్ని నగర రాజ్యాలకు అధిపతి కావడం ద్వారా, పొత్తుల ద్వారా పోగేస్తారు. ఒక కిటుకు చెప్తాను. మీరు గెలుపుకు దగ్గర పడగానే అందరూ కలిసి మీకు రెండు పాయింట్లు తగ్గించాలని ఓటేస్తారు. వాళ్ళను ఆపలేరని తేలితే మీరూ మీకు వ్యతిరేకంగా ఓటేయండి. నెగ్గిన పక్షాన ఓటేసినందుకు ఒక పాయింటు వస్తుంది, నష్టం రెండు నుంచి ఒకటికి దిగుతుంది. పంచాయతీలో ఓడిపోతామని తెలిసిన పెద్దమనిషి చివర్లో "నేనూ అదే అంటున్నా" అన్నట్టు.

మూడో పని: కూల్చే ఆటలో అన్నీ కూల్చకండి

డామినేషన్ అంటే ప్రపంచమంతా జయించాలనుకుంటారు. షరతు మాత్రం ప్రతి దేశపు మొదటి రాజధానిని పట్టుకోమంటుంది, అంతే. దారిలో కనిపించిన ప్రతి పల్లెనూ పట్టుకుంటూ పోతే సైన్యం చీలిపోతుంది, పట్టుకున్న ఊళ్ళలో జనం తిరగబడతారు, మిగతా దేశాలు మీ మీద కక్ష పెంచుకుంటాయి.

ఉదయగిరి కొండెక్కిన వాళ్ళకు ఆ కోటను ఎందుకు అంత కష్టపడి పట్టుకున్నారో కళ్ళతో చూస్తేనే తెలుస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని ముట్టడించాడు. అది లొంగడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది, 1514 దాకా. నిటారు కొండ మీది కోటను కొట్టి పడగొట్టడం కష్టం, అందుకే చుట్టుముట్టి దారులు కట్టేశాడు. ఆ తర్వాత 1515లో కొండవీడు. ఇంకా ఉత్తరానికి పోయాడు. కానీ చివరికి గజపతి కూతుర్ని పెళ్ళాడి, సంధి చేసుకుని, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను తిరిగి ఇచ్చేశాడు. ఆటగాడి కళ్ళతో చూస్తే ఇది డామినేషన్ ఆట పాఠం. ఏ కోటలు కావాలో తెలుసు, వాటి మీద ఏడాదిన్నరైనా కూర్చున్నాడు, అక్కర్లేని నేలను మోయలేదు. ఉదయగిరి బాలకృష్ణుణ్ణి మాత్రం హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు.

దాన్నే ఇలా చేయండి. మ్యాప్ మీద మొదటి రాజధానులన్నీ గుర్తుపెట్టుకోండి. మీ దగ్గర నుంచి ఒక వరస వేసుకోండి, దగ్గరిది, బలహీనమైనది ముందు. మధ్యలో ఉన్న ఊళ్ళలో ఏది పట్టుకోకపోతే మీ వెనక దారి మూసుకుపోతుందో దాన్నే పట్టుకోండి. మిగతావి వదిలేయండి. ముట్టడి యంత్రాలు లేకుండా బయలుదేరకండి. ఈ మాట రాస్తుంటే నా నైట్లు గోడను గీకడం మళ్ళీ కళ్ళ ముందు కనిపిస్తోంది.

ఏజ్ 2లో కాంక్వెస్ట్ (శత్రువును పూర్తిగా తుడిచిపెట్టే షరతు) మాత్రం దీనికి వ్యతిరేకం. అక్కడ నిజంగానే అన్నీ కూల్చాలి. ఓడిపోతున్నవాడు ఒక విలేజర్‌ను తీసుకుపోయి అడవి వెనక ఒక ఇల్లు కట్టుకుని కూర్చుంటాడు. అందుకని గెలుస్తున్నామని తెలియగానే నలుగురు గుర్రపు స్కౌట్లను నాలుగు మూలలకూ పంపేయండి. అది చేయక అరగంట వెతికిన ఆటలున్నాయి నాకు.

నాలుగో పని: ఎదుటివాడి లెక్క కూడా మీరే చూడాలి

ఇది చిన్న పని, కానీ దీన్నే జనం మర్చిపోతారు. సివ్‌లో వరల్డ్ ర్యాంకింగ్స్ అని ఒక పేజీ ఉంటుంది. ప్రతి పది టర్నులకు ఒకసారి తెరవండి. మీరు ఏ దారిలో పోతున్నా సరే, మిగతా నాలుగు దారుల్లో ఎవడు ఎంత దూరం వచ్చాడో అక్కడ కనిపిస్తుంది. మీరు సైన్స్‌లో ముందుంటే సంతోషమే. కానీ పక్కవాడి మతం మీ ఊళ్ళలో సగానికి పైగా పాకేసి, మిగతా దేశాల్లో కూడా అదే పెద్ద మతమైతే, మీ రాకెట్ లేచే లోపు ఆట ముగుస్తుంది. మీకు మతం అక్కర్లేకపోయినా, వాడి మిషనరీలను ఆపడానికి కాస్త సైన్యం ఉండాలి. యుద్ధంలో ఉంటే మామూలు సైనికుడు కూడా వాడి మత ప్రచారకుణ్ణి తొలగించగలడు.

ఏజ్ 2లోనైతే రెలిక్‌ల సంగతి. గెలుపు కోసం కాకపోయినా ఒక మాంక్‌ను (మఠం సాధువును) పంపి రెండు మూడు తెచ్చి పెట్టుకోండి. ఒక్కో రెలిక్ నిమిషానికి 30 బంగారం ఇస్తుంది. అన్నింటికంటే ముఖ్యం, మీ దగ్గర ఒక్కటి ఉన్నా ఎదుటివాడి రెలిక్ గెలుపు ఆగిపోయినట్టే. వాడు దాని కోసం మీ దగ్గరికి రావాలి. రెలిక్‌లు దాచే మీ మొనాస్టరీని (మఠాన్ని) కూలిస్తే రెలిక్ బయట పడుతుంది, కాబట్టి దాన్ని ఊరి చివర కట్టకండి.

ఐదో పని: దారి మార్చాల్సి వస్తే

మా నాన్నకు ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులుండేవి. రొయ్యల లెక్క కౌంట్‌లో చెబుతారు, కిలోకు ఎన్ని తూగుతాయని. 30 కౌంట్ దాకా పెంచితే మంచి రేటు. మేత, ఏరేటర్లు, కరెంటు, అన్నీ ఆ 30 కోసమే సాగుతుంటాయి. కానీ పక్క చెరువులో వైట్ స్పాట్ (రొయ్యలను చంపే వైరస్ రోగం) అని తెలిసిన రాత్రి ఎవరూ 30 కోసం కూర్చోరు. 60 కౌంట్‌కే పట్టుబడి పెట్టేస్తారు. అదే రోజు మేత ఆపేస్తారు, వ్యాపారికి ఫోన్ చేస్తారు, ఐస్ తెప్పిస్తారు. ఒక్కసారి తేల్చుకున్నాక సగం మేత వేస్తూ, సగం పట్టుబడి చేస్తూ కూర్చునే రైతును నేను చూడలేదు.

ఆటలో మాత్రం నేను చేసేది అదే. కల్చర్ దారి మూసుకుపోయిందని తెలిసినా, కల్చర్ కోసం కట్టిన థియేటర్ స్క్వేర్ల మీద మమకారంతో ఇంకో పది టర్నులు అక్కడే ఖర్చు పెడతాను. అందుకే ఇప్పుడు ముందే ఒక మాట అనుకుంటాను: ఫలానా టర్నుకు నా లెక్క ఫలానా అంకె దాటకపోతే దారి మారుస్తాను. ఆ అంకె కాగితం మీద రాసి పెట్టుకోండి. మనసులో అనుకుంటే మనసే దాన్ని జరుపుతుంది.

మారేటప్పుడు చూడాల్సింది ఏమిటంటే, మీ దగ్గరున్న సరుకు ఏ దారికి ఎక్కువగా పనికొస్తుందో అది. సైన్స్ ఆటలో వెనకపడినా, ఆ టెక్నాలజీతో ఎదుటివాడి కంటే మంచి ఫిరంగులు, విమానాలు వస్తాయి. కాబట్టి సైన్స్ నుంచి డామినేషన్‌కు దారి దగ్గర. మతం నుంచి సైన్స్‌కు చాలా దూరం, ఎందుకంటే మీరు ఫెయిత్ (మత బలం) కోసం కట్టినవేవీ రాకెట్‌కు పనికిరావు. రెండు దారులకూ పనికొచ్చే పెట్టుబడి మొదట్లో ఎక్కువ పెట్టుకుంటే మార్పు నొప్పి తక్కువ. ఊళ్ళు ఎక్కువ ఉండటం, వాణిజ్య మార్గాలు, ఉత్పత్తి: ఈ మూడూ ఏ దారికైనా పనికొస్తాయి.

ఫోన్ గేముల్లో

ఇక్కడ టైమ్ తక్కువ కాబట్టి తప్పు కూడా తొందరగా తెలుస్తుంది.

ఎదుటివాడి ఊరి మీద దాడి చేసే క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో, ఆ ఊరిని 50 శాతం కూలిస్తే ఒక స్టార్, టౌన్ హాల్ కూలిస్తే ఒకటి, మొత్తం కూలిస్తే మూడోది. వార్‌లో (రెండు క్లాన్ల, అంటే రెండు జట్ల, పోటీలో) ముందు స్టార్లు లెక్కపెడతారు, అవి సమానమైతే మొత్తం శాతం చూస్తారు. ఒంగోలులో ఒక పెళ్ళి, భోజనాల బంతిలో కూర్చున్నా. వార్ ముగియడానికి పన్నెండు నిమిషాలుంది. రెండు క్లాన్ల స్టార్లూ సమానం, శాతంలో వాళ్ళు ముందున్నారు. అవతలి వాళ్ళ నాలుగో బేస్ (ఊరు) మీద మా వాళ్ళు ఇంకా ఒక్క స్టార్ కూడా తీయలేదు, నాకు ఒక అటాక్ మిగిలింది. కావాల్సింది ఒక్కటే స్టార్. ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని మూడు స్టార్ల కోసం తయారు చేసుకున్న సైన్యాన్ని దింపాను. అది సన్నని దారిలో కోర్‌లోకి దూరాల్సిన ప్లాన్. పక్కాయన "పులిహోర వేయించుకో అబ్బయ్యా" అనేసరికి ఒక్క సెకను ఆలస్యమైంది, గోడ పగలకుండానే సైన్యం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. 48 శాతం. టౌన్ హాల్ అలాగే నిలబడి ఉంది.

అప్పుడు చేయాల్సింది ఇది. బయటి వరసలో ఉన్న గుడిసెలు, కలెక్టర్లు, బ్యారక్‌లు నెమ్మదిగా కొట్టుకుంటూ 50 శాతం దాటించుకోవాలి. అందంగా ఉండదు, వీడియో తీసి ఎవరికీ చూపించలేం. వార్ మాత్రం వచ్చేది. కాబట్టి అటాక్ నొక్కే ముందు "నాకు ఎన్ని స్టార్లు కావాలి" అని ఒకసారి గట్టిగా బయటికి అనుకోండి. వెనకబడి మూడు కావాల్సి వస్తే రిస్క్ తీసుకోండి. ఒకటి చాలినప్పుడు మూడు కోసం పోకండి.

క్లాష్ రాయల్‌లో కూడా అంతే. కింగ్ టవర్ పడితే ఆట అక్కడే అయిపోతుంది, లేకపోతే మూడు నిమిషాలయ్యాక ఎవరి క్రౌన్లు (కూల్చిన టవర్లకు వచ్చేవి) ఎక్కువో చూస్తారు. చివరి నిమిషంలో ఎలిక్సిర్ (సైన్యాన్ని దింపడానికి ఖర్చుపెట్టేది) రెండింతల వేగంతో వస్తుంది. ఒక టవర్ ముందున్నప్పుడు ఆ ఎలిక్సిర్‌ను కాచుకోవడానికి వాడండి. వెనకున్నవాడే దాడికి రావాలి, రానివ్వండి.

షరతే లేని ఆటలు, ఇంట్లో సాధన

యూరోపా యూనివర్సాలిస్ 4 అనే చరిత్ర గేమ్ 1444లో మొదలై 1821లో ముగుస్తుంది, గెలిచారని చెప్పే గీత ఏదీ ఉండదు. విజయనగరం తీసుకుంటే మీ షరతు మీరే పెట్టుకోవాలి. "తూర్పు తీరమంతా నాది కావాలి" అనుకోండి, లేదా "బహమనీలను కృష్ణ దాటనివ్వను" అనుకోండి. రెండింటికీ ఆట పూర్తిగా వేరు. మొదటిదానికి ఓడలు, రెండోదానికి కోటలు. అనుకోకుండా మొదలుపెడితే మ్యాప్‌కు రంగు పూసుకుంటూ పోయి ఎప్పుడో విసుగొచ్చి ఆపేస్తారు.

సాధనకు నేను వాడే పద్ధతి ఒకటుంది. ఏజ్ 2లో ఒకే మ్యాప్, ఒకే సివిలైజేషన్ పెట్టుకుని వరసగా మూడు ఆటలు ఆడండి: ఒకటి కాంక్వెస్ట్, ఒకటి స్టాండర్డ్, ఒకటి రెజిసైడ్. మూడింటిలోనూ మొదటి పది నిమిషాలు ఏం కట్టారో ఒక కాగితం మీద రాసుకోండి. మూడు కాగితాలూ ఒకేలా ఉంటే మీరు షరతు చదవలేదని అర్థం. రెజిసైడ్‌లో రాజు చస్తే అంతా పోయినట్టే, కాబట్టి ఆ కాగితం మీద రాజు ఎక్కడున్నాడో కూడా రాయండి.

పోయిన సంక్రాంతికి మా బావ కొడుకు వచ్చాడు, ఎనిమిదో తరగతి. వాడితో రెజిసైడ్ ఆడాను. కాజిల్ కూల్చాను, ఊరు మొత్తం జల్లెడ పట్టాను, బంగారం పోసి ట్రీజన్ (శత్రువు రాజును చూపించే సౌకర్యం) కొని, వాడి రాజు ఎక్కడున్నాడో చూశాను. రవాణా ఓడలో, సముద్రం మధ్యలో ఉన్నాడు. నాకు ఓడలు కట్టే డాక్ ఒక్కటి కూడా లేదు. కట్టేలోపు ఓడ ఇంకో పక్కకు పోయింది. "మామా, కరెంటు పోయేలోపు పట్టుకుంటావా?" అన్నాడు వాడు.